పన్ను కోత ఒక కమిటీలో, ఖర్చు కోత మరో కమిటీలో: కాన్సస్ లెక్క ఎక్కడ తప్పింది?

క్లుప్తంగా: అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం 2012లో ఆదాయపు పన్నును భారీగా తగ్గించింది. అయిదేళ్లు తిరిగేసరికి ఆ చట్టంలోని ముఖ్యాంశాలను అదే శాసనసభ రద్దు చేసింది. రాబడి ఎంత పడిపోతుందో సభ్యులకు ముందే తెలుసు. అయితే పన్ను ఒక కమిటీలో, ఖర్చు మరో కమిటీలో చర్చకు వచ్చాయి. రెండింటినీ కలిపి చూడవలసిన దశ పక్కకు పోయింది. ఆ తేడా భారం తర్వాతి సంవత్సరాల్లో బడుల మీద, రోడ్ల మీద, పింఛన్ల మీద పడింది.

అమెరికాలో ఏ రాష్ట్రం ఆదాయపు పన్ను తగ్గించాలనుకున్నా కాన్సస్ ప్రస్తావన రాక తప్పదు. పన్ను కోతను వ్యతిరేకించేవారు దాన్ని హెచ్చరికగా చూపుతారు. సమర్థించేవారు మాత్రం పన్ను తగ్గించడం తప్పు కాదని, దానికి తగినట్టు ఖర్చు తగ్గించకపోవడమే తప్పని అంటారు. ఈ వాదోపవాదాల్లో అసలు సంగతి మరుగున పడుతోంది. ఆ నిర్ణయం ఏ దారిన వచ్చింది, సభ్యులు ఏ లెక్క చూసి ఓటు వేశారు, ఏ లెక్క చూడకుండా వేశారు అన్నది తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది. ఓవర్‌ల్యాండ్ పార్క్, ఒలేథా వంటి పట్టణాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది నేరుగా జీతంలో కనిపించే వ్యవహారం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠకులకైతే మన శాసనసభల్లో పద్దుల చర్చ ఎలా సాగుతుందో పోల్చి చూసుకునే అవకాశం.

## బిల్లు కమిటీ ముందుకు ఎలా వస్తుంది

కాన్సస్ శాసనసభకు రెండు సభలున్నాయి. సెనెట్‌లో 40 మంది, ప్రతినిధుల సభలో 125 మంది. సమావేశాలు ఏటా జనవరి రెండో సోమవారం రాజధాని టొపీకాలో మొదలవుతాయి. పన్నుకు సంబంధించిన బిల్లులు రెండు సభల్లోనూ పన్నుల కమిటీలకు వెళ్తాయి. ఖర్చుకు సంబంధించినవి ప్రతినిధుల సభలో కేటాయింపుల కమిటీకి, సెనెట్‌లో వేస్ అండ్ మీన్స్ కమిటీకి వెళ్తాయి. ఈ విభజనలో తప్పేమీ లేదు. రెండూ నైపుణ్యం కావలసిన పనులే. చిక్కు ఎక్కడంటే, పన్ను తగ్గించే కమిటీకి ఆ లోటును ఎక్కడ పూడ్చాలో చెప్పవలసిన బాధ్యత ఉండదు. ఖర్చు చూసే కమిటీ చేతిలో పన్ను ఉండదు.

కమిటీ విచారణకు ఎవరైనా రావచ్చు. చెప్పదలచుకున్నది ముందుగా రాసి ఇవ్వాలి. వచ్చినవారిని మూడు వరుసలుగా పిలుస్తారు: బిల్లును సమర్థించేవారు, వ్యతిరేకించేవారు, తటస్థంగా సమాచారం చెప్పేవారు. ఎవరికి ఎన్ని నిమిషాలన్నది కమిటీ అధ్యక్షుడి ఇష్టం. విచారణ ముగిశాక సాధారణంగా మరో రోజు బిల్లును చేతికి తీసుకుని సవరణలు చేస్తారు. ఆ రోజును అధ్యక్షుడు ఖరారు చేయకపోతే బిల్లు అక్కడే ఆగిపోతుంది. సభలో ఓటింగ్ దాకా రాకుండానే ఎన్నో ప్రతిపాదనలు ఇలా ముగిసిపోతాయి.

పన్ను కోత విచారణకు ఎవరు వస్తారో గమనించాలి. మినహాయింపు వల్ల లాభపడే వ్యాపార సంఘాలకు తమకు ఎంత మిగులుతుందో కచ్చితంగా తెలుసు. కాబట్టి వారు వస్తారు. ఆ డబ్బు తగ్గితే మూడేళ్ల తర్వాత ఏ బడిలో టీచరు పోస్టు పోతుందో, ఏ రోడ్డు పని ఆగుతుందో ఆ రోజున ఎవరికీ తెలియదు. నష్టపోబోయేవారికి తాము నష్టపోబోతున్నట్టే తెలియదు కనుక వారి తరఫున మాట్లాడే గొంతులు తక్కువ. ఖర్చు కోత విచారణలో పరిస్థితి తిరగబడుతుంది. ఏ పథకం తగ్గుతుందో పేరుతో సహా తెలుస్తుంది, దాని లబ్ధిదారులు గది నిండా ఉంటారు. రాజకీయంగా మొదటిది తేలిక, రెండోది కష్టం కావడానికి మూలం ఇక్కడే ఉంది.

## అంకె ఎవరు వేస్తారు

ప్రతి బిల్లు వల్ల రాష్ట్ర ఖజానాపై పడే ప్రభావాన్ని లెక్కగట్టి ఒక పత్రం జత చేయాలన్నది అక్కడి నియమం. దాన్ని గవర్నర్ అధీనంలోని బడ్జెట్ విభాగం తయారు చేస్తుంది. శాసనసభకు సొంతంగా పరిశోధన విభాగం కూడా ఉంది. ఇవి కాక ఏటా నవంబరులోనూ ఏప్రిల్‌లోనూ బడ్జెట్ విభాగం, రెవెన్యూ శాఖ, శాసనసభ పరిశోధన విభాగం, మూడు విశ్వవిద్యాలయాల ఆర్థికవేత్తలు కలిసి కూర్చుని రాబోయే రాబడిపై ఒక్క అంచనాకు వస్తారు. గవర్నరైనా శాసనసభ అయినా బడ్జెట్‌కు ఆ అంకెనే ఆధారంగా తీసుకుంటారు. అంచనాల మీద రాజకీయ బేరాలు సాగకుండా చేసిన ఈ ఏర్పాటు నిజంగా మెచ్చదగినది.

రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం కాన్సస్ రోజువారీ ఖర్చులకు అప్పుచేసి లోటు బడ్జెట్ నడపడానికి వీల్లేదు. ఖర్చులో 7.5 శాతం ఏడాది చివర మిగులుగా ఉంచాలని చట్టం చెబుతుంది. అయితే ఆ నిబంధనను శాసనసభే ఎన్నోసార్లు తాత్కాలికంగా పక్కన పెట్టింది. ఇటువంటి కట్టుబాట్లున్న రాష్ట్రంలో పన్ను తగ్గిందంటే ఆ మేరకు ఖర్చు తగ్గాలి, లేదా మరో పన్ను పెరగాలి, లేదా నిల్వలు కరగాలి.

## 2012 వసంతంలో ఏం జరిగింది

గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ 2012 ఆరంభంలో పెట్టిన ప్రతిపాదనలో రెండు భాగాలున్నాయి. ఒకటి పన్ను రేట్ల తగ్గింపు. రెండోది దాన్ని కొంతమేరకు పూడ్చే చర్యలు: గృహరుణ వడ్డీ వంటి మినహాయింపుల ఎత్తివేత, 6.3 శాతంగా ఉన్న అమ్మకం పన్నును అంతకుముందు అనుకున్నట్టు తగ్గించకుండా కొనసాగించడం. పన్ను కోతల సిద్ధాంతానికి పేరుపడ్డ ఆర్థికవేత్త ఆర్థర్ లాఫర్‌ను 75,000 డాలర్ల రుసుముతో సలహాదారుగా నియమించుకున్నారు. ఆయన శాసనసభ కమిటీల ముందుకు కూడా వచ్చి మాట్లాడారు.

పూడ్చే చర్యలకు మద్దతు దొరకలేదు. గృహరుణ వడ్డీ మినహాయింపు పోతుందంటే ఇళ్ల వ్యాపారులు ఊరుకోరు, విరాళాల మినహాయింపు పోతుందంటే ధార్మిక సంస్థలు ఊరుకోవు. అలా ఒక్కొక్కటే రాలిపోయి, సెనెట్ ముందుకు వచ్చేసరికి బిల్లులో ఎక్కువగా మిగిలింది కోతలే. మొదటి ఓటింగ్‌లో 20-20తో అది వీగిపోయింది. మళ్లీ ఓటుకు పెట్టినప్పుడు 29-11తో నెగ్గింది. బిల్లును ముందుకు పంపితే ఉభయసభల సంప్రదింపుల కమిటీలో సరిచేసుకోవచ్చన్న నమ్మకంతోనే ఓటు వేశామని సెనెట్ అధ్యక్షుడు స్టీవ్ మోరిస్ వర్గం ఆ తర్వాత చెప్పింది.

ఈ సంప్రదింపుల కమిటీయే మొత్తం వ్యవహారానికి కీలకం. రెండు సభలు వేర్వేరు రూపాల్లో బిల్లు ఆమోదిస్తే, చెరో ముగ్గురు కూర్చుని ఒక్క పాఠానికి తెస్తారు. ఏ సభలో వదిలేసిన లెక్కనైనా కలిపి చూడడానికి చివరి అవకాశం అది. 2012లో అక్కడ చిన్నపాటి కోతతో రాజీ బిల్లు రూపుదిద్దుకుంటోంది. అంతలో ప్రతినిధుల సభ, సెనెట్ పంపిన పాత రూపాన్నే యథాతథంగా 64-59 ఓట్లతో ఆమోదించింది. దాంతో రాజీకి చోటు లేకపోయింది. మే 22న గవర్నర్ సంతకం చేశారు. సెనెట్‌లో చాలామంది తుది రూపం కాదనుకుని ఓటు వేసిన బిల్లే తుది చట్టమైంది.

చట్టం ప్రకారం మూడు శ్లాబులు రెండయ్యాయి. గరిష్ఠ రేటు 6.45 నుంచి 4.9 శాతానికి దిగింది. అంతకన్నా పెద్ద మార్పు వ్యాపార ఆదాయానిది. పరిమిత బాధ్యత కంపెనీలు, సొంత వ్యాపారాలు, వ్యవసాయం వంటి వాటి లాభాలపై రాష్ట్ర పన్ను పూర్తిగా ఎత్తేశారు. 2013లో పెళ్లికాని ఒక ఉద్యోగికి 50,000 డాలర్ల పన్ను వేయదగిన ఆదాయం ఉందనుకుందాం. మొదటి 15,000 డాలర్లపై 3 శాతం, మిగతా 35,000పై 4.9 శాతం చొప్పున 2,165 డాలర్లు కట్టాలి. అదే మొత్తం సొంత సంస్థ లాభంగా వస్తే కట్టవలసింది సున్నా. ఇంత తేడా ఉన్నప్పుడు జీతాన్ని లాభంగా మార్చి చూపించాలనే ఆలోచన రావడం సహజం. దాదాపు 2 లక్షల మందికి వర్తిస్తుందని అంచనా వేసిన మినహాయింపును చివరికి 3.3 లక్షల మంది వాడుకున్నారు. అదే చట్టం అద్దె ఇళ్లలో ఉండేవారికి ఇచ్చే వాపసును, పిల్లల సంరక్షణ ఖర్చుపై రాయితీని తీసేసింది. ఆ రాయితీల మీద ఆధారపడ్డ పేద కుటుంబాలకు ఒరిగింది తక్కువ, పోయింది ఎక్కువ.

## అంచనా తప్పలేదు

కాన్సస్ కథలో ఎక్కువ మంది మరచిపోయే సంగతి ఇది. మొదటి సంవత్సరం 23 కోట్ల డాలర్లు, రెండో సంవత్సరం 80 కోట్ల డాలర్లు రాబడి తగ్గుతుందని శాసనసభ పరిశోధన విభాగం బిల్లు ఆమోదానికి ముందే లెక్క చెప్పింది. జరిగిందీ దరిదాపుగా అదే. రాష్ట్ర సాధారణ నిధికి 2013 ఆర్థిక సంవత్సరంలో వచ్చిన 634 కోట్ల డాలర్లు, 2014కు 565 కోట్లకు పడిపోయాయి. పన్ను తగ్గితే వ్యాపారాలు పెరిగి లోటు తానే పూడుతుందని, ఆ పెరుగుదలను పరిశోధన విభాగం లెక్కలోకి తీసుకోలేదని సమర్థకులు వాదించారు. ఆశించిన స్థాయిలో ఆ పెరుగుదల కనిపించలేదు.

వారి తరఫు వాదనలో వాస్తవం లేకపోలేదు. 2012 చివర కేంద్ర పన్నులు పెరుగుతాయన్న భయంతో చాలామంది లాభాలను ఆ ఏడాదే చూపించుకున్నారు కాబట్టి తర్వాతి ఏడాది రాబడి మరింత తక్కువగా కనిపించింది. 2014 తర్వాత చమురు, పంటల ధరలు పడిపోవడం కాన్సస్‌ను దెబ్బతీసింది. అయితే ఈ కారణాలు లేకపోయినా పరిశోధన విభాగం చెప్పిన లోటు లోటుగానే ఉండేది. దాన్ని పూడ్చే ఏర్పాటు చట్టంలో లేదు.

## కోత చివరికి ఎక్కడ పడింది

పన్నుల కమిటీ వదిలేసిన లెక్క కేటాయింపుల కమిటీల బల్లమీదికి చేరింది. అవి మొదట పట్టుకున్నది నొప్పి తెలియని చోట్లను. రహదారుల నిధి నుంచి ఏటా డబ్బు మళ్లించారు. రహదారుల శాఖను బ్యాంకులా వాడుకుంటున్నారన్న మాట శాసనసభ వసారాల్లో వాడుకైపోయింది. ప్రభుత్వోద్యోగుల పింఛను నిధికి కట్టవలసిన వాటాను 2016లో వాయిదా వేశారు. వైద్య సహాయ పథకం కింద ఆసుపత్రులకు, వైద్యులకు ఇచ్చే చెల్లింపుల్లో 4 శాతం తగ్గించారు. ఇవేవీ పన్ను బిల్లు విచారణలో చర్చకు వచ్చిన అంశాలు కావు.

బడుల నిధులదీ అదే దారి. 2015లో విద్యార్థుల సంఖ్య, అవసరాల ప్రకారం నిధులిచ్చే పాత సూత్రాన్ని రద్దు చేసి, స్థిరమైన మొత్తాలిచ్చే పద్ధతి తెచ్చారు. ఆ ఏడాదే కాంకార్డియా, ట్విన్ వ్యాలీ విద్యా జిల్లాలు డబ్బు చాలక బడులను గడువుకన్నా ముందే మూసేశాయి. పన్నుల వైపు చూస్తే, 2015లో అమ్మకం పన్ను 6.5 శాతానికి పెరిగింది. అప్పట్లో కాన్సస్‌లో తిండి సరుకులపైనా అదే రేటు. ఆదాయపు పన్నులో తగ్గించినదాన్ని కిరాణా బిల్లులో కొంత రాబట్టారన్నమాట. 114 రోజులు సాగిన ఆ సమావేశాలు అప్పటికి రాష్ట్ర చరిత్రలోనే సుదీర్ఘమైనవి. రేటింగ్ సంస్థలు మూడీస్, ఎస్ అండ్ పీ రెండూ 2014లో రాష్ట్ర రుణ అర్హతను తగ్గించాయి. ఎస్ అండ్ పీ 2016లో మరోసారి తగ్గించింది.

డబ్బు లెక్కతో నేరుగా సంబంధం లేని విధాన కోతలు కూడా ఇదే కాలంలో వచ్చాయి. పేద కుటుంబాలకు నగదు సహాయం జీవితకాలంలో 48 నెలలకు మించరాదన్న పరిమితిని 2015లో 36 నెలలకు కుదించారు. అదే బిల్లులో ఏటీఎం నుంచి రోజుకు 25 డాలర్లకు మించి తీసుకోరాదన్న నిబంధన సవరణగా చేరింది. చాలా ఏటీఎంలు 20 డాలర్ల నోట్లే ఇస్తాయి కాబట్టి చేతికొచ్చేది 20. ప్రతిసారీ రుసుము అదనం. లబ్ధిదారుల అనుభవం తెలిసినవారు ముందుగా చెప్పి ఉంటే ఈ లోపం అక్కడికక్కడే బయటపడేది. కేంద్ర నిబంధనలతో పొసగదన్న అభ్యంతరాలు వచ్చాక దాన్ని పక్కన పెట్టారు. ఆఖరి దశలో చేరే సవరణలకు విచారణ ఉండదన్న బలహీనత ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

## వెనక్కి రావడం ఎందుకంత కష్టమైంది

ఖర్చు పద్దు ప్రతి బడ్జెట్‌లోనూ కొత్తగా పరీక్ష రాయాలి. పన్ను మినహాయింపు ఒక్కసారి పాసైతే చాలు. ఏ పథకానికైనా కేటాయింపు కొనసాగాలంటే మళ్లీ కమిటీ ముందుకు రావాలి, సమర్థించుకోవాలి. పన్ను కోత అలా కాదు. ఎవరో పూనుకుని రద్దు బిల్లు తెచ్చేదాకా అది తనంతట తాను నడుస్తూనే ఉంటుంది. తెచ్చినా గవర్నర్ వీటో చేస్తే మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. అంటే ప్రతినిధుల సభలో 84, సెనెట్‌లో 27. తగ్గించడానికి 64 ఓట్లు సరిపోయిన చోట తిరిగి పెంచడానికి 84 కావలసి వచ్చింది.

2016 ఎన్నికల్లో మధ్యేవాద రిపబ్లికన్లు, డెమొక్రాట్లు పుంజుకున్నారు. 2017 ఫిబ్రవరిలో పన్ను పునరుద్ధరణ బిల్లును బ్రౌన్‌బ్యాక్ వీటో చేశారు. ప్రతినిధుల సభ 85-40తో వీటోను తోసిపుచ్చినా సెనెట్‌లో 24 ఓట్లే రావడంతో బిల్లు పోయింది. మార్చి 2న రాష్ట్ర సుప్రీంకోర్టు బడులకిస్తున్న నిధులు రాజ్యాంగం కోరే స్థాయిలో లేవని గానన్ కేసులో తీర్పునిచ్చి జూన్ నెలాఖరు గడువు పెట్టింది. అక్కడితో పన్నును, ఖర్చును విడివిడిగా చూసే వీలు లేకుండా పోయింది. బడులకు ఎంత కావాలో తేలితే తప్ప పన్ను ఎంత వేయాలో తేలదు. పన్ను తేలితే తప్ప బడుల బిల్లు కదలదు. జూన్ 6న రెండు సభలూ వీటోను తోసిపుచ్చాయి: ప్రతినిధుల సభలో 88-31, సెనెట్‌లో సరిగ్గా కావలసిన 27. వ్యాపార ఆదాయ మినహాయింపు రద్దయింది, గరిష్ఠ రేటు 2018కి 5.7 శాతమైంది. రెండేళ్లలో 120 కోట్ల డాలర్ల అదనపు రాబడి అంచనా వేశారు.

అంతమాత్రాన కాన్సస్ పన్ను కోతలు మానుకోలేదు. తిండి సరుకులపై రాష్ట్ర అమ్మకం పన్ను దశలవారీగా తగ్గి 2025 జనవరి 1 నాటికి సున్నా అయింది. 2024లో గవర్నర్ లారా కెల్లీ ఒకే రేటు పన్ను బిల్లును వీటో చేశారు. జూన్‌లో ప్రత్యేక సమావేశంలో రెండు శ్లాబుల రాజీకి వచ్చారు. 2025లో శాసనసభ ఆమె వీటోను తోసిపుచ్చి తెచ్చిన చట్టం పద్ధతి మాత్రం వేరు. రాష్ట్ర రాబడి, నిల్వ నిధి నిర్దిష్ట స్థాయి దాటితేనే ఆదాయపు పన్ను రేటు మెట్టు మెట్టుగా దిగుతుంది. డబ్బు వచ్చాకే కోత అన్న క్రమం 2012 చట్టంలో లోపించింది. అయితే ఒకసారి దిగిన రేటు ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు దానంతట పెరగదు కాబట్టి పాత అసమానత కొంత మిగిలే ఉంది.

## మన శాసనసభల్లో పద్దుల చర్చ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆదాయపు పన్ను రాష్ట్రాల చేతిలో లేదు. జీఎస్టీ రేట్లు కేంద్రం, రాష్ట్రాలు కలిసి కూర్చునే జీఎస్టీ మండలిలో తేలతాయి. రాష్ట్రానికి సొంతంగా మిగిలేవి ముఖ్యంగా పెట్రోలు ఉత్పత్తులపై వ్యాట్, మద్యం, స్టాంపులు రిజిస్ట్రేషన్లు, వాహనాల పన్ను, ఏడాదికి 2,500 రూపాయలు మించరాని వృత్తి పన్ను. వీటిలోనూ భూముల రిజిస్ట్రేషన్ విలువల సవరణ వంటివి బిల్లుగా సభకు రావు, ఉత్తర్వులతోనే అమలవుతాయి. కాబట్టి సభలో తగ్గింపుల చర్చ అంటే ప్రధానంగా ఖర్చుల చర్చే.

దానికి సాధనం కోత తీర్మానం. విధానాన్నే వ్యతిరేకిస్తే పద్దును ఒక్క రూపాయికి తగ్గించాలని, పొదుపు కోరితే ఫలానా మొత్తం తగ్గించాలని, ఒక సమస్యపై నిరసన తెలపాలంటే వంద రూపాయలు తగ్గించాలని సభ్యులు ప్రతిపాదిస్తారు. రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం సభ పద్దును ఆమోదించవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచే అధికారం లేదు. కాన్సస్ కమిటీలకు పెంచే వీలు కూడా ఉంది. పైగా ఇక్కడ కోత తీర్మానం నెగ్గితే ప్రభుత్వం సభ విశ్వాసం కోల్పోయినట్టే లెక్క. అందుకే పాలక పక్ష సభ్యుడు మనసులో ఒప్పుకున్నా ఓటు వేయడు. గడువు ముగిశాక చర్చకు రాని పద్దులన్నింటినీ గిలెటిన్ కింద ఒకేసారి మూజువాణి ఓటుతో ఆమోదిస్తారు. సాధారణ పౌరుడు వచ్చి ఈ పద్దు తగ్గితే తనకేమవుతుందో చెప్పే ఘట్టం ఈ ప్రక్రియలో లేదు. కేరళలో 1980 నుంచి ఉన్న విషయ కమిటీలు పద్దులను ఓటింగ్‌కు ముందు శాఖలవారీగా పరిశీలిస్తాయి. మన దగ్గర గట్టి పరిశీలన జరిగేది ప్రజా పద్దుల సంఘంలో. కానీ అది కాగ్ నివేదిక వచ్చాక, అంటే డబ్బు ఖర్చయిపోయాక. ఆ సంఘం అధ్యక్ష పదవి ప్రతిపక్షానికివ్వాలన్న సంప్రదాయంపై 2024లో రెండు రాష్ట్రాల్లోనూ వివాదం రేగింది.

పన్ను రాయితీల సంగతికొస్తే కాన్సస్‌కు, ఇక్కడికి పెద్ద తేడా లేదు. 207వ అధికరణం ప్రకారం ద్రవ్య బిల్లుకు గవర్నర్ సిఫారసు కావాలి. అయితే పన్ను తగ్గించే లేదా రద్దు చేసే సవరణకు అది అక్కరలేదు. పరిశ్రమకిచ్చే స్టాంపు డ్యూటీ మినహాయింపు గానీ పన్ను వదులుకోవడం గానీ పద్దుగా సభ ముందుకు రాదు. పద్దు కానిదానిపై కోత తీర్మానం పెట్టడానికి వీల్లేదు. వదులుకున్న పన్నుల వివరాలను కేంద్ర బడ్జెట్ 2006-07 నుంచి ఒక ప్రత్యేక పట్టికగా ఇస్తోంది. అటువంటి పట్టికను రాష్ట్రాలు కూడా శాఖలవారీగా పద్దుల పుస్తకంతో పాటే సభ్యుల చేతికిస్తే, పరిశ్రమల శాఖ పద్దుపై మాట్లాడే సభ్యుడు ఆ శాఖకు కేటాయించిన డబ్బును, అదే రంగానికి వదిలేసిన డబ్బును ఒకే రోజు ప్రశ్నించగలుగుతాడు.